మొదటి చెంబు

బడి 1వ రోజు

మంచును నీళ్లుగా పట్టే వలలు దులిపాను. ఎగువ వరుసలో ముప్పై బిందెల నీళ్లు, దిగువ వరుసలో ఇరవై రెండు. మంచు పలచగా ఉంది.

ఇరవై ఒక్క ఏళ్లుగా ఈ పుస్తకంలో మంచు లెక్క, నా సంతకం తప్ప మరో మాట రాయలేదు. ఈరోజు రాస్తున్నాను. రాయకపోతే ఆదివారం కూటంలో నోరు జారుతాను.

మన ఎగువగడ్డలో బడి తెరిచారు. పంతులమ్మ పేరు కమలాక్షి. మూడు గడ్డల అవతలి నుంచి కొండకూ కొండకూ మధ్య తాడు మీద జారే తాడుబుట్టలో కూర్చుని, కింద సముద్రాన్ని చూడకుండా కళ్లు మూసుకుని వచ్చిందట. వెంట ఒక రేకుపెట్టె. కరెంటు ఇవ్వడం మానేసిన సూర్యపలకను గోడకు ఆనించి, దాని మీద సుద్దతో రాస్తుంది. పిల్లలు పదకొండు మంది. అందరికీ పేర్లు పెట్టింది నేనే. వాళ్లకు ఏడో తరగతి చెబుతుందట. అంటే ఏమిటని అడిగితే, ఈ ఒక్క ఏడాదిలో అక్షరాల నుంచి మొదలుపెట్టి తెలుగు, లెక్కలు, సైన్సు, సాంఘికం అన్నీ చెబుతానంది. అన్నీ అట.

పలుకు యంత్రం బతికి ఉన్న రోజుల్లో ఎవరికీ చదువు అక్కర్లేదు. ప్రతి చెవిలో అది ఉండేది, కంటి ముందు ఏ రాత కనబడినా చదివి వినిపించేది. రెండు తరాలు అక్షరం మొహం చూడలేదు. ఒకరోజు అది ఆగిపోయింది, మళ్లీ పలకలేదు. మందుసీసా మీద ఏముందో చెప్పేవాడు లేక ఆ ఏడాది మనుషులు చచ్చిపోయారు. అప్పుడు మా అవ్వ పెట్టెలోని దేవుడి గ్రంథం తీశాను. పలుకు నోట విని కంఠస్థం చేసిన వాక్యాలను పుటల మీద వెతికి, ఈ గుర్తుకు ఈ శబ్దం అని ఒక్కొక్కటే పోల్చుకుంటూ రెండేళ్లలో నాకు నేనే చదవడం నేర్చుకున్నాను. గురువు లేడు. దేవుడు, నేను, కిరసనాయిలు వాసన కొట్టే ఆ పుస్తకం. అప్పటి నుంచి ఈ గడ్డలో చదవగలిగిన మనిషిని నేనొక్కణ్ణే. బోధకుణ్ణి నేనే.

బడి గుమ్మానికి ఒక కాగితం అంటించి వచ్చాను. “ఆదివారము బడి ఉండరాదు. ఇట్లు, తిరుపాలు.” పంతులమ్మ అది చదివి నా దగ్గరికి వచ్చింది.

“తిరువాలు గారంటే మీరేనాండీ?” అంది.

పేరును వెక్కిరించే మనిషి పిల్లలకు ఏం నేర్పుతుంది? వలల వైపు నడిచాను.

బడి 19వ రోజు

ఎగువ ఇరవై ఆరు, దిగువ ఇరవై.

బడి గోడకు నా వలల గుంజలు ఆనుకుని ఉంటాయి. చిరిగిన వల కుడుతూ అక్కడ కూర్చుంటే లోపలి మాట వినబడుతుంది. వినాలని కూర్చోలేదు. వల చిరిగింది.

ఈరోజు పోలికలున్న అక్షరాలు. ఒకేలా కనబడి మోసం చేసే జంటలట. మ, య అని పిల్లలు పాటలా పాడుతున్నారు. రెండేళ్లు రక్తం చెమటగా చేసి నేను సంపాదించుకున్నదాన్ని వీళ్లు పందొమ్మిది రోజుల్లో పాట కట్టి పాడేస్తున్నారు. మిగతా జంటలు వినకుండా లేచి వచ్చేశాను.

సాయంత్రం నాగరత్నమ్మ తన మోకాలి నూనె సీసా పట్టుకుని మా గుమ్మం ముందు నుంచే పోయింది. ఎప్పుడూ నా దగ్గరికే తెచ్చేది. ఎదురింట్లో నా కూతురి బిడ్డ సువార్త చేతికి ఇచ్చి చదివించుకుంది. పన్నెండేళ్ల పిల్ల గుక్క తిప్పుకోకుండా చదివింది. ఆ సీసా చదివేటప్పుడు తడబాటు కప్పుకోవడానికి నేను ఎప్పుడూ మూడుసార్లు దగ్గాల్సి వచ్చేది.

నా మనవరాలే. సంతోషించాలి. సంతోషించలేదని ఇక్కడ రాసి పెడుతున్నాను, దేవుడు చూసుకోవాలి.

బడి 46వ రోజు

ఎగువ పద్దెనిమిది, దిగువ పదకొండు. మంచు ముఖం చాటేస్తోంది.

లెక్కల్లో భిన్నాలు. మూడు పావులలో సగం ఎంత అని పంతులమ్మ అడిగింది. గోడ ఇవతల నేనూ లెక్కగట్టాను. నాకు రాలేదు. లోపల ఒక్కసారిగా ఆరు గొంతులు జవాబు చెప్పాయి. పన్నెండేళ్ల వయసులో నేను గట్టుకు రాళ్లు మోశాను. నాకు ఎవరూ మూడు పావులు చూపించలేదు. ఆ పదకొండు మందినీ, వాళ్లు కూర్చున్న చాపనూ చూసి ఓర్వలేకపోయాను.

మధ్యాహ్నం మన పెద్ద ఓబులేసు వచ్చాడు. మొన్నటి గాలికి పక్క కొండ మీది దిగువగడ్డ వాళ్ల వలలు చింపిరి గుడ్డలైపోయాయట. పిల్లలు రాత్రి తేమ పట్టిన రాళ్లు నాకుతున్నారట. మన ఇళ్లలో తాగడానికి సరిపోయేదే ఉంది, మిగిలేది లేదు, ఒక్క ఆదివారం వంపు తప్ప.

వంపు అంటే మన కూటం మొత్తానికీ వెన్నెముక. ప్రతి ఆదివారం ప్రసంగం అయ్యాక అరవై నాలుగు ఇళ్లవాళ్లూ తలా ఒక నిండు చెంబు తెచ్చి కూటం ముందున్న రాయి మీద వంచుతారు. గ్రంథం నలభయ్యో పుటలో ఆజ్ఞ ఉంది: ఉదయమున నీ మొదటి చెంబు వంచుము, రాయి నీకు సాక్షిగా ఉండును. ఆ పుట పలుకు ఎన్నడూ చదవలేదు. నేనే వెలికి తీశాను. పలుకు ఆగిపోయి, జనం దిక్కులేక ఒకరి కొంప మీద ఒకరు పడుతున్న రోజుల్లో ఆ ఒక్క వాక్యం వాళ్లను వరుసలో నిలబెట్టింది.

“అన్నా, ఆ రాయి తాగే నీళ్లు నాలుగు ఆదివారాలు ఆ పిల్లోళ్లకు పంపిద్దాం. రాయికేమన్నా దప్పికా?” అన్నాడు ఓబులేసు.

దేవుడి వాటాలో చెయ్యి పెట్టమంటున్నావా అని అడిగాను. మిగతాది ఆదివారం కూటం అయ్యాక రాస్తున్నాను. దాని మీదే ప్రసంగించాను. మనం వంచబట్టే మంచు వస్తోందని, వంచడం మానితే కొండ కూడా మండుతుందని గంటసేపు ఉరిమాను. జనం ఏడ్చారు. అరవై నాలుగు చెంబులూ వంచారు. పంతులమ్మ కూడా తన చెంబు తెచ్చి వంచింది. ఆమె ఏడవలేదు. నా కన్ను మాత్రం ఆమె మీదే ఉండిపోయింది.

బడి 83వ రోజు

ఎగువ పదిహేను, దిగువ ఎనిమిది.

సైన్సులో నీరు ఆవిరి కావడం. పిల్లలు సోమవారం రాయి దగ్గరికి వచ్చి, రెండు చెంబులు వంచి, ఎండ ఎక్కేలోపు తడి ఎంత మిగిలిందో సుద్దతో గీతలు గీశారు. పొద్దు నడినెత్తికి రాకముందే రాయి ఆరింది. ఆ ఆవిరి గాలితో తూర్పు సముద్రం మీదికి పోతుందని, మన మంచు వచ్చేది పడమటి నుంచి అని సువార్త ఇంటికొచ్చి వాళ్లమ్మకు చెబుతుంటే విన్నాను. ఆపైన లెక్క కూడా కట్టింది. ఏడాదికి యాభై రెండు ఆదివారాలు, అరవై నాలుగు చెంబులు, ఇరవై ఒక్క ఏళ్లు. అరవై తొమ్మిది వేల ఎనిమిది వందల ఎనభై ఎనిమిది చెంబులట.

“తాతా, అన్ని నీళ్లు కనపడితే ఎట్లుంటాదో!” అంది, కళ్లు పెద్దవి చేసి. ఆ పిల్ల నన్ను తప్పుపట్టి అనడం లేదు. అంకె అందంగా ఉందని సంబరపడుతోంది. అదే నన్ను ఇంకా కాల్చింది.

పంతులమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. ఎదురుపడినప్పుడల్లా నమస్కారం పెడుతుంది. ఆమె నాతో జగడం పెట్టుకుంటే నాలుక మీద వాక్యాలు సిద్ధంగా ఉన్నాయి. నమస్కారానికి ఏ వాక్యం తేవాలి?

బడి 118వ రోజు

ఎగువ పద్నాలుగు, దిగువ ఏడు. తాడుబుట్టలో దిగువగడ్డ నుంచి ఇద్దరు పసివాళ్లను పంపారు, ఇక్కడి బంధువుల దగ్గర ఉండమని. పెదాలు పగిలి నెత్తురు గడ్డకట్టి ఉంది.

సాంఘికంలో ప్రతి పిల్లా తన గడ్డలోని ఒక ఆచారం ఎలా పుట్టిందో పెద్దలను అడిగి రాసుకురావాలట. సువార్త వంపును ఎంచుకుంది. పలక పట్టుకుని నా ఎదుట కూర్చుని, పెద్ద అధికారిలా ప్రశ్నలు వేసింది. మొదటి వంపు రోజు ఎవరెవరు వచ్చారు, వాన పడిందా, ఎవరు ముందు వంచారు. చెప్పాను. చెబుతుంటే నా గొంతు నాకే ముద్దొచ్చింది. ఆఖరున ఆ పుట ఒకసారి చూపించమంది. టీచర్ అసలు రాతను చూసి రాయమన్నదట.

ఇవ్వలేదు. ఇరవై ఒక్క ఏళ్లుగా ఆ గ్రంథం మీద నా వేలు తప్ప మరొకరి వేలు పడలేదు. నా తర్వాత చూసుకోమన్నాను. పిల్ల పలక చంకన పెట్టుకుని లేచింది. “నీ తర్వాత అంటే నువ్వు సచ్చినాకనా తాతా? రేపు మంగళవారమే ఇయ్యాల మేము” అంది. నవ్వు వచ్చింది, అయినా ఇవ్వలేదు.

బడి 141వ రోజు

మంచు లెక్క తరువాత రాస్తాను.

సైన్సులో కాంతి నడుస్తోంది. పంతులమ్మ పిల్లలకు వల తీగను చిన్న ఉంగరంలా వంచడం నేర్పింది. ఆ ఉంగరంలో ఒక నీటిబొట్టు నిలబెడితే, దాని కింద ఏది పెట్టినా పెద్దదిగా కనబడుతుంది. సువార్త పరుగెత్తుకుంటూ తెచ్చి నా బొటనవేలు నాకే చూపించింది. పొలం దున్నినట్టు గీతలు. చీమ తల, చొక్కా పోగు, రాయి మీది నాచు, అన్నీ చూపించి, ఉంగరం నా దగ్గరే మరిచిపోయి ఆటకు పోయింది.

నేను తలుపు వేసుకున్నాను. వీళ్ల ఆటబొమ్మలో చీమ తల ఏం గొప్ప, దేవుడి మాటను చూస్తాను, పంతులమ్మ కూడా చూడనిది నేను చూస్తాను అనుకున్నాను. ఆ మాట నిజంగానే అనుకున్నాను. గ్రంథం తెరిచి, మొదటి పుట మీద బొట్టు పట్టాను.

నా కళ్లు ఎప్పుడూ అంత మంచివి కావు. ఆ చిన్న అచ్చును నేను పోలికతో, కంఠస్థంతో, భావంతో చదివేవాణ్ణి. బొట్టులో అక్షరాలు ఒక్కొక్కటి ఇల్లంత లేచాయి. నాకు ఏడుపు వచ్చింది. చాలాసేపు సంతోషంతోనే చూశాను. “పగలు” దగ్గర ఆగాను. మొదటి అక్షరం పైన తెరిచి ఉంది, మూత తీసిన గిన్నెలా. రెండు వరుసల కింద “వాన”. దాని తల మూసి ఉంది.

నాకు అవి ఒకే అక్షరం. మొదటి నుంచీ అంతే. కొన్నిచోట్ల ప అని, కొన్నిచోట్ల వ అని పలుకుతుందని, ఏది కుదిరితే అది అనాలని నేర్చుకున్నాను. నాకు నేనే నేర్పుకున్న సూత్రం అది. “పాట” చూశాను, తెరిచి ఉంది. “వెలుగు” చూశాను, మూసి ఉంది. పది పుటలు చూశాను. ఎక్కడా తప్పలేదు.

నలభయ్యో పుట తీయడానికి చెయ్యి రాలేదు. తీశాను.

ఉదయమున నీ మొదటి చెంబు పంచుము.

బొట్టు జారి పుట మీద పడిపోయింది. తుడిచి మళ్లీ పట్టాను. పైన తెరిచే ఉంది.

ఎగువ పన్నెండు, దిగువ ఆరు.

బడి 144వ రోజు

ఎగువ పదమూడు, దిగువ ఆరు.

ఈ మూడు రోజులూ ఎవరు పలకరించినా గొంతు పోయిందని చెప్పాను.

ఈ మధ్యాహ్నం సిరాబుడ్డి మూత తీసి, కలం ముంచి, ఆ అక్షరం మీద పట్టుకున్నాను. ఒక్క చిన్న గీత చాలు. గిన్నెకు మూత పడిపోతుంది. ఆ తర్వాత ఎవరు ఏ బొట్టు పట్టి చూసినా వంచుము అనే ఉంటుంది. గ్రంథంలో ఒక్క అక్షరం మార్చినవాడి చెయ్యి ఎండిపోతుందని నేనే ఎన్నిసార్లు ప్రసంగించానో. చెయ్యి ఎండుతుందన్న భయంతో ఆగానని రాస్తే అబద్ధం. సిరా కొస మీద ఆరిపోయేదాకా పట్టుకునే ఉన్నాను. ఆరిపోయింది. అంతే.

పంతులమ్మ అయితే ఈ తప్పు చదివేది కాదు. నా ఆలోచన అక్కడికే పోతోంది, డెబ్బైవేల చెంబుల దగ్గరికి కాదు, రాళ్లు నాకిన పిల్లల దగ్గరికి కాదు. ఆమెకు ఎవరో చిన్నప్పుడే ప, వ పక్కపక్కన పెట్టి చూపించారు. ఆ ఎవరో నాకెందుకు లేరు?

బడి 150వ రోజు

ఎగువ పదకొండు, దిగువ ఆరు.

సువార్త పంతులమ్మను వెంటబెట్టుకుని వచ్చింది. ఎల్లుండి బడి పండుగలో ఆ వ్యాసం చదవాలి, అసలు వాక్యం లేకుండా అది సగమేనట. పంతులమ్మ గడప దాటలేదు. వీలుకాకపోతే ఫర్వాలేదని కూడా అంది.

గ్రంథం తీసి, నలభయ్యో పుట తెరిచి, పిల్ల చేతిలో పెట్టాను. ఎందుకు పెట్టానో దాచను. పిల్ల చదివి బయటపెడితే అది పిల్ల చేసిన పని అవుతుంది, నేను ఒప్పుకోనక్కర్లేదు. కోపం తెచ్చుకోవడానికి కూడా సిద్ధంగా ఉన్నాను.

సువార్త వేలు పెట్టి చదివింది. “ఉదయమున నీ మొదటి చెంబు...” వేలు ఆగింది. పిల్ల కళ్లు మంచివి, బొట్టు అక్కర్లేదు. తల ఎత్తి నా మొహం చూసింది. నా మొహంలో ఏం కనబడిందో నాకు తెలియదు.

“వంచుము” అని చదివింది.

“ఒకసారి సరిగ్గా చూడమ్మా” అంది పంతులమ్మ గడప అవతల నుంచి.

“చూసినా టీచర్. వంచుము అనే ఉంది.”

పిల్ల చెవులు ఎర్రబడ్డాయి. పుస్తకం మూసి, రెండు చేతులతో నాకు తిరిగి ఇచ్చింది. పంతులమ్మ పిల్లను చూసింది, నన్ను చూసింది, పుస్తకం అడగలేదు. నమస్కారం పెట్టి వెళ్లిపోయింది.

ఈ గడ్డలో చదువు వచ్చిన పదకొండు మంది పిల్లల్లో రాతను చూస్తూ మొట్టమొదట అబద్ధం చదివింది నా మనవరాలు. ఆ పాఠం చెప్పింది టీచర్ కాదు.

బడి 152వ రోజు, ఆదివారం

బడి పండుగ సాయంత్రం. దానికి ముందు కూటం.

ప్రసంగం చేయలేదు. నలభయ్యో పుట తెరిచి సువార్తను ముందుకు పిలిచాను. రానంది. వాళ్లమ్మ కొంగు పట్టుకుంది. సరే, ఉన్నది ఉన్నట్టు నేనే చదివాను; జనానికి పాత మాటే వినబడింది. అరవై నాలుగు ఇళ్లవాళ్లూ చెంబులు వంచడానికి రాయి దగ్గరికి జరిగారు.

“ఆగండి. ఇరవై ఒక్క ఏళ్లు నేను తప్పు చదివినా. అది వంచుము కాదు. పంచుము.”

నాగరత్నమ్మ చెంబు అప్పటికే సగం వాల్చింది, అలాగే పట్టుకుని నిలబడిపోయింది. “మరి ఇప్పుడు ఇదేం జేయాల సామీ?” అని అడిగింది.

వెనక నుంచి ఓబులేసు తమ్ముడు నవ్వాడు. “ఇన్నేళ్లు రాయికి తాపితివి గదన్నా. అది లావెక్కిందో లేదో సూడండ్రా” అన్నాడు. కొందరు నవ్వారు. కొందరు ఏడ్చారు. వలలు తెగిన దిగువగడ్డలో అక్క ఉన్న ఒక ఆడమనిషి నా ముందుకు వచ్చి ఏదో అనబోయి, అనలేక చెంబు నా కాళ్ల దగ్గర పెట్టింది. అనేసి ఉంటే బాగుండేది.

నేనే పీపా దొర్లించుకొచ్చాను. ఆమె చెంబు మొదట దాంట్లో పోశాను. తరువాత నాగరత్నమ్మది. వరుస దానంతటదే ఏర్పడింది. వాళ్లకు వరుసలో నిలబడటం అలవాటే, అది నేర్పింది నేనే, ఆ ఒక్క మాట దేవుడు నా పక్కన రాసుకోవాలి. మధ్యాహ్నానికి తాడుబుట్ట పీపాతో దిగువగడ్డకు దిగింది.

అందరూ పోయాక పంతులమ్మ నా పక్కన రాతి మీద కూర్చుంది. చదవడం మీకు ఎవరు నేర్పారని అడిగింది. ఎవరూ నేర్పలేదన్నాను.

“యాభై ఆరు అక్షరాల్లో ఒక్కటి తప్పారు. నాకు అన్నీ ఒకరు చెప్పినవేనండి. మీ మీద ఈర్ష్యగా ఉంది” అంది.

ఓదార్పుగా అన్నదో నిజంగా అన్నదో తెలియదు. ఆ మాట నేను ఎన్నడైనా ఆమెతో నోరు తెరిచి అనగలిగేవాణ్ణా అని చూసుకున్నాను. అనలేను. అందులోనూ ఆమే ముందుంది.

సాయంత్రం సువార్త వ్యాసం చదివింది. ఆఖరి పేరా మార్చుకుంది. నా పేరు చెప్పేటప్పుడు గొంతు తగ్గించలేదు.

బడి 200వ రోజు

ఎగువ ఇరవై నాలుగు, దిగువ పదిహేడు. మంచు తిరిగి వస్తోంది. మనం వంచినందుకు కాదు, పంచినందుకు కూడా కాదు. పడమటి గాలి మళ్లీ మొదలైంది. పిల్లలు చెప్పారు.

ఏడో తరగతి పరీక్షలు అయిపోయాయి. నలభై ఎనిమిది రోజులుగా చాప చివర నేనూ కూర్చుంటున్నాను, పన్నెండో పలకతో. ఓబులేసు చూసి, అన్నా నీకు మీసం వచ్చినాక తీసుకున్నారే బడిలోకి అన్నాడు. భిన్నాల్లో నాకు ఇరవై ఐదుకు నాలుగు వచ్చాయి. సువార్తకు ఇరవై ఐదుకు ఇరవై ఐదు. ఒళ్లు మండింది. పలక దాచుకుని ఇంటికి వచ్చాను. నా వెనకాలే వచ్చి, మూడు పావుల్లో సగం రొట్టెతో చూపిస్తానంది. రొట్టె మాత్రం తిన్నాను.

రాయి మీద ఇరవై ఒక్క ఏళ్ల నాచు ఎండి పొడిలా రాలిపోతోంది. చేత్తో తడిమాను. ఎక్కడా తడి లేదు. రాయి నీకు సాక్షిగా ఉండును అని వాక్యం చెప్పిన సాక్ష్యం ఈ పొడి రాయేనని ఇప్పుడు చదువుకుంటున్నాను.

ఈ పుస్తకం పాత పుటలు తిరగేశాను. ప్రతి ఆదివారం కింద నా సంతకం ఉంది. ఇరవై ఒక్క ఏళ్లు, ప్రతిచోటా తిరువాలు. పంతులమ్మ మొదటి రోజు వెక్కిరించలేదు. రాసి ఉన్నది చదివింది.

ఈ ఆదివారం దిగువగడ్డకు పంపినవి: అరవై నాలుగు చెంబులు.

ఇట్లు,
తిరువా

కొట్టేశాను. చెయ్యికి పాత అలవాటు. మళ్లీ రాస్తున్నాను, పైన తెరిచి ఉంచి.

తిరుపాలు